షడ్జమం మీద 13 నిమిషాలు

రాక్ సంగీతానికి మన సాఫ్ట్‌వేర్ జనాభాలో ఒక సిలబస్ ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు, ఏ యూనివర్సిటీ ఆమోదించలేదు, అయినా అందరికీ అదే. హాస్టల్లో సీనియర్ హార్డ్ డిస్కులోంచి జూనియర్ హార్డ్ డిస్కులోకి దిగుతూ వస్తుంది. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్, కొంచెం ముదిరినవాడికి క్రీమ్, హెండ్రిక్స్. బీటెక్ నాలుగేళ్ళలో నేను సప్లీ లేకుండా గట్టెక్కిన సబ్జెక్టు ఇదొక్కటే అని మా రూమ్మేట్లు అనేవాళ్ళు. అన్యాయం, మైక్రోప్రాసెసర్స్ కూడా గట్టెక్కాను :)

ఆ సిలబస్‌లో లేని ఒక ఆల్బమ్ గురించి ఈ టపా. పేరు 'ఈస్ట్-వెస్ట్'. 1966 ఆగస్టులో ఎలెక్ట్రా కంపెనీ విడుదల చేసింది. వాయించినవాళ్ళు పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్, చికాగో వాళ్ళు. బిల్‌బోర్డ్ చార్టులో 65వ స్థానం దాకా వెళ్ళి ఆగిపోయింది. గిటార్ పిచ్చి ముదిరినవాళ్ళు, అమెరికా సంగీత చరిత్ర చదివేవాళ్ళు దీని పేరు చెప్తే చేతులు జోడిస్తారు. మిగతా లోకానికి పెద్దగా తెలీదు.

ఈ ఆల్బమ్ గురించి ఎక్కడ చూసినా ఒకే కథ. గిటారిస్ట్ మైక్ బ్లూమ్‌ఫీల్డ్ 1965 చివర్లో ఒక రాత్రి ఎల్ఎస్‌డీ వేసుకుని తెల్లవార్లూ కూర్చున్నాడట. తెల్లారేసరికి భారతీయ సంగీతం ఎలా పనిచేస్తుందో తనకి తెలిసిపోయిందన్నాడట. ఆ తర్వాత తయారైందే ఆల్బమ్ చివర ఉండే 13 నిమిషాల టైటిల్ ట్రాక్. మొదట్లో బ్యాండు వాళ్ళు దాన్ని 'ది రాగా' అనే పిలుచుకునేవాళ్ళు. కథ బాగుంది. మన దేశం పేరు కూడా ఉంది కాబట్టి మనకి ఇంకా బాగుంటుంది. కానీ ఈ కథతో నాకో పేచీ ఉంది. అదేంటో చెప్పాలంటే ముందు చికాగో వెళ్ళాలి.

చికాగో అంటే మనవాళ్ళకి వివేకానందుడు, నేపర్‌విల్ అపార్ట్‌మెంట్లు, అరోరా బాలాజీ గుడి. మిసిసిపీ పత్తి చేలల్లో పుట్టిన నల్లవాళ్ళకి మాత్రం అది ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కితే దిగే ఊరు. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాది నుంచి లక్షలమంది అలా ఉత్తరాదికి వలస వచ్చారు. మడ్డీ వాటర్స్ 1943లో వచ్చాడు. ఊళ్ళో అరుగు మీద వాయించుకునే గిటారు సౌత్ సైడ్ బార్ల గోలలో ఎవరికీ వినపడదు, అందుకని కరెంటు గిటారు పట్టుకున్నాడు. 1950ల్లో హౌలింగ్ వుల్ఫ్ వచ్చాడు. వీళ్ళు పాడిన పాటలు చాలావరకు చెస్ అనే చిన్న కంపెనీ రికార్డు చేసింది. ఆ ఆఫీసు ఉన్న 2120 సౌత్ మిషిగన్ అవెన్యూ బిల్డింగు ఇప్పటికీ ఉంది, దాన్ని విల్లీ డిక్సన్ పెట్టిన సంస్థ నడుపుతోంది. క్లయింటు పని మీద ఎనిమిది నెలలు ఆ ఊళ్ళో ఉన్నప్పుడు ఒక శనివారం వెళ్ళి చూశాను. మన కోఠీలో రెండంతస్తుల పాత బిల్డింగు ఎలా ఉంటుందో అలా ఉంది. ఇక్కడి నుంచా ఇంత సంగీతం వచ్చింది అనిపిస్తుంది.

ఆ సౌత్ సైడ్‌లోనే, నల్లవాళ్ళ పేటలకి ఆనుకుని, యూనివర్సిటీ ఆఫ్ చికాగో ఉంది. పాల్ బటర్‌ఫీల్డ్ ఆ చుట్టుపక్కలే పెరిగాడు. లాయరుగారి అబ్బాయి, చిన్నప్పుడు చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా కళాకారుడి దగ్గర ఫ్లూట్ నేర్చుకున్నాడు. పదహారు పదిహేడేళ్ళకి అది పక్కన పెట్టి మౌతార్గన్ పట్టుకున్నాడు. ఎల్విన్ బిషప్ 1960లో ఓక్లహామా నుంచి ఫిజిక్స్ చదవడానికి స్కాలర్‌షిప్ మీద వచ్చాడు. వచ్చింది ఫిజిక్స్ కోసం, తిరిగింది బ్లూస్ క్లబ్బుల్లో. డిగ్రీ సంగతి మీరే ఊహించుకోండి. మన ఇళ్ళల్లో ఇలాంటి కజిన్ ఒకడు ఉంటే పెళ్ళిళ్ళకి కూడా పిలవరు. కీబోర్డు వాయించిన మార్క్ నాఫ్తలిన్ కూడా ఆ యూనివర్సిటీ వాడే, వాళ్ళ నాన్న మినియాపోలిస్ మేయరు. ఇక బ్లూమ్‌ఫీల్డ్ వాళ్ళ నాన్నకి హోటళ్ళకి కావలసిన సామాను తయారుచేసే కంపెనీ ఉండేది. డబ్బుకి లోటు లేదు. ఈ కుర్రాడికి మాత్రం ముసలి బ్లూస్ గాయకుల వెనకాల తిరగడం, వాళ్ళని కాఫీ హౌసులకి తీసుకొచ్చి పాడించడం, ఇదే పని.

ఇప్పుడు ముఖ్యమైన ఇద్దరు. బేస్ గిటార్ జెరోమ్ ఆర్నల్డ్, డ్రమ్స్ సామ్ లే. ఇద్దరూ నల్లవాళ్ళు, హౌలింగ్ వుల్ఫ్ బ్యాండులో వాయిస్తున్నవాళ్ళు. బటర్‌ఫీల్డ్‌కి నార్త్ సైడ్‌లో బిగ్ జాన్స్ అనే బార్లో ఖాయంగా వాయించే అవకాశం దొరికింది. వాళ్ళిద్దరికీ వుల్ఫ్ ఇచ్చేదానికంటే ఎక్కువ ఇస్తానని పిలిచాడు, వచ్చేశారు. మన భాషలో చెప్పాలంటే మంచి హైక్ మీద కంపెనీ మారారు. ఫిజిక్స్ కుర్రాడూ, లాయరు కొడుకూ అప్పటిదాకా బార్లలో విని నేర్చుకున్న సంగీతాన్ని జీతానికి వాయిస్తూ బతికినవాళ్ళు ఆ ఇద్దరే. బ్యాండులో బ్లూస్ అనేది ఎక్కడుందని అడిగితే ముందు ఆ బేస్, డ్రమ్స్ వైపు చూపించాలి.

తెల్లా నల్లా ఒకే స్టేజి ఎక్కడం అప్పటి చికాగోలో మామూలు సంగతి కాదు. 'ఈస్ట్-వెస్ట్' రికార్డింగు 1966 జులైలో అదే ఊళ్ళో, చెస్ స్టూడియోలోనే జరిగింది. ఆ నెల 10న మార్టిన్ లూథర్ కింగ్ సోల్జర్ ఫీల్డ్ స్టేడియంలో పెద్ద సభ పెట్టాడు. నల్లవాళ్ళకి తెల్లవాళ్ళ పేటల్లో ఇల్లు అమ్మరు, అద్దెకివ్వరు, దాని మీద పోరాటం. రెండు రోజులకే వెస్ట్ సైడ్‌లో అల్లర్లు. ఆగస్టు 5న మార్క్వెట్ పార్కు దగ్గర ఊరేగింపులో కింగ్ తలకి రాయి తగిలింది. ఆ ఆగస్టులోనే ఈ ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చింది. పాటల్లో ఈ గొడవ గురించి ఒక్క ముక్క కూడా లేదు. కానీ ఆ స్టూడియోలో కలిసి వాయించిన ఆరుగురూ అదే వీధిలో పక్కపక్క ఇళ్ళు అద్దెకి తీసుకుని ఉండగలిగేవాళ్ళా అంటే అనుమానమే.

1965 జులై న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ గొడవ 2024లో వచ్చిన 'ఎ కంప్లీట్ అన్‌నోన్' సినిమా చూసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. బాబ్ డిలన్ కరెంటు గిటారుతో స్టేజి ఎక్కితే జనం అరిచారు, అదీ కథ. ఆ రోజు డిలన్ వెనక నిలబడింది ఎవరనుకున్నారు? బ్లూమ్‌ఫీల్డ్, ఆర్నల్డ్, సామ్ లే. అంటే సగం బటర్‌ఫీల్డ్ బ్యాండే. దానికి ముందు రోజు ఇంకో తమాషా జరిగింది. ఆలన్ లోమాక్స్ అని జానపద సంగీతం సేకరించే పెద్దమనిషి. 1941లో మిసిసిపీ వెళ్ళి మడ్డీ వాటర్స్ పాటని మొదటిసారి రికార్డు చేసినవాళ్ళలో ఆయనొకడు. ఆయన ఈ బ్యాండుని జనానికి పరిచయం చేస్తూ, ఈ తెల్ల కుర్రాళ్ళకి బ్లూస్ వచ్చో రాదో చూద్దాం అనే ధోరణిలో మాట్లాడాడు. డిలన్ మేనేజర్ ఆల్బర్ట్ గ్రాస్‌మన్‌కి ఒళ్ళు మండింది. ఇద్దరూ తిట్టుకున్నారు, తర్వాత కొట్టుకున్నారు, మట్టిలో పడి దొర్లారు. ఆ తర్వాత ఈ బ్యాండుకి గ్రాస్‌మనే మేనేజరు అయ్యాడు.

డిలన్ తనతో రమ్మంటే బ్లూమ్‌ఫీల్డ్ వెళ్ళలేదు. 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'లో గిటారు వాయించినవాడు, వెళ్ళుంటే ఈపాటికి ఇంటింటా తెలిసిన పేరయ్యేది. బ్లూస్ వాయించుకోవాలని బటర్‌ఫీల్డ్ దగ్గరే ఉండిపోయాడు. మొదటి ఆల్బమ్ 1965 అక్టోబరులో వచ్చింది. రెండుసార్లు రికార్డు చేసి నచ్చక పక్కన పడేసి మూడోసారి తీసింది అది. మంచి ఆల్బమే కానీ సౌత్ సైడ్ బార్లో వినిపించేదాన్ని నేర్పుగా, జోరుగా తిరిగి వాయించినట్టు ఉంటుంది. ఆ చివర్లో సామ్ లే జబ్బుపడ్డాడు, అతని చోట బిల్లీ డావెన్‌పోర్ట్ వచ్చాడు. ఈయన కూడా నల్లవాడే, కానీ జాజ్ వాయించి వచ్చిన చెయ్యి. ఈ మార్పు ఎంత పెద్దదో రెండో ఆల్బమ్ వింటే తెలుస్తుంది.

ఆ రెండో ఆల్బమే మన 'ఈస్ట్-వెస్ట్'. మొత్తం తొమ్మిది పాటలు. రాబర్ట్ జాన్సన్‌ది ఒకటి, మడ్డీ వాటర్స్‌ది ఒకటి, న్యూ ఓర్లీన్స్ అలెన్ టూసాంట్‌ది ఒకటి. 'మేరీ, మేరీ' అనే పాట మైకేల్ నెస్మిత్ రాసింది. అదే పాటని తర్వాత మంకీస్ పాడితే చాలామందికి తెలిసింది. నిజం చెప్పాలంటే వీటిలో రెండు మూడు పాటలు లేకపోయినా నాకేమీ నష్టం లేదు. 'ఐ గాట్ ఎ మైండ్ టు గివ్ అప్ లివింగ్' మాత్రం వదలకూడదు, నెమ్మదిగా ఉడికే బ్లూస్ ఎలా ఉంటుందో దాంట్లో బ్లూమ్‌ఫీల్డ్ గిటారు చెప్తుంది. నాట్ అడర్లీ జాజ్ పాట 'వర్క్ సాంగ్' కూడా వదలకండి. దాదాపు ఎనిమిది నిమిషాలు, పాడేవాడు లేడు, అందరూ వంతులవారీగా వాయించుకుంటూ పోతారు.

ఇక టైటిల్ ట్రాక్. ఇక్కడ కొంచెం సంగీతం క్లాసు తప్పదు, ఓపిక పట్టండి.

బ్లూస్ పాట చాలావరకు 12 బార్ల చక్రం మీద తిరుగుతుంది. మన తాళంలో ఆవర్తనం ఉన్నట్టు అనుకోండి, కాకపోతే ఇక్కడ లెక్క దెబ్బలతో పాటు స్వరాలకీ ఉంటుంది. మొదటి నాలుగు బార్లు షడ్జమం మీద కట్టిన కోర్డ్, అంటే సా ఆధారంగా మూడు నాలుగు స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది. తర్వాత రెండు బార్లు మధ్యమం మీద, మళ్ళీ రెండు షడ్జమం మీద. ఆపైన పంచమం ఒకటి, మధ్యమం ఒకటి, చివరి రెండూ ఇల్లు చేరినట్టు షడ్జమం. మళ్ళీ మొదటికి. ఎంత గొప్ప గిటారిస్ట్ అయినా ఈ గానుగ చుట్టూ తిరగాల్సిందే. సోలో వాయిస్తుంటే నాలుగు బార్లు కాగానే కింద నేల కదిలిపోతుంది, తనూ కదలాలి.

'ఈస్ట్-వెస్ట్'లో ఆ గానుగ లేదు. 13 నిమిషాలూ నేల కదలదు. బేస్ ఒక చిన్న నాలుగు దెబ్బల వరసని పట్టుకుని తంబుర మీటినట్టు వాయిస్తూనే ఉంటుంది, షడ్జమం దాటి ఎక్కడికీ పోదు. దాని మీద రెండు గిటార్లూ, మౌతార్గనూ వంతులు తీసుకుంటాయి. కొంతసేపు మామూలు బ్లూస్ స్వరాలు, తర్వాత తూర్పు వాసన వచ్చే స్వరాలు, చివరికొచ్చేసరికి మేజర్ స్కేల్ వైపు, అంటే మన శంకరాభరణం స్వరాల వైపు తిరిగి వెలుతురులోకి వచ్చినట్టుంటుంది. ఒక్కో భాగం నెమ్మదిగా మొదలై, మరిగి, పొంగి, దిగి, ఇంకో భాగానికి దారిస్తుంది. చివర్లో బ్లూమ్‌ఫీల్డ్, బిషప్ ఇద్దరి గిటార్లూ ఒకదాన్నొకటి అల్లుకుంటాయి.

మరి ఇది రాగమేనా? మా ఆఫీసులో ఒక సీనియర్ ఆవిడ ఉన్నారు, విజయనగరం వాళ్ళు, చిన్నప్పటినుంచీ వయొలిన్ నేర్చుకున్నారు. లంచ్ టైములో హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినిపించాను. పాపం 13 నిమిషాలూ విన్నారు. "రాగం ఏదయ్యా ఇందులో? స్కేలు పట్టుకుని పైకీ కిందకీ తిరుగుతున్నాడు" అన్నారు. ఇంకొంచెం ఆలోచించి, "ఆ తీగ లాగి స్వరాన్ని వణికిస్తున్నాడు చూడు, అది మాత్రం నేర్చుకుంటే వచ్చేది కాదు" అన్నారు.

ఆవిడ చెప్పిన రెండు మాటలూ కరెక్టే. రాగం అంటే స్వరాల జాబితా ఒక్కటే కాదని మనకి తెలుసు. ఏ స్వరం ఎలా ఊగాలి, ఎక్కడ నిలవాలి, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగాలి, ఇదంతా కలిస్తే రాగం. ఈ పాటలో ఆ క్రమశిక్షణ వెతికితే దొరకదు. షడ్జమం కదలకుండా స్వరాల గుంపులు మారుతున్నాయి కాబట్టి, మరీ పోల్చాలంటే రాగమాలిక ఆకారానికి దగ్గర. తీగ లాగడం సంగతి మాత్రం రవిశంకర్ రికార్డుల్లోంచి వచ్చింది కాదు. అది బ్లూస్ సొంత ఆస్తి. బ్లూస్ పాడేవాళ్ళు గాంధారాన్ని సరిగ్గా సాధారణ గాంధారం మీదా నిలపరు, అంతర గాంధారం మీదా నిలపరు, రెంటి మధ్యా ఊగిస్తారు. పియానోకి ఆ స్వరం లేదు, గొంతుకీ తీగకీ ఉంది. మన గమకమూ వాళ్ళ 'బెండూ' చుట్టాలు కావు, ఎవరి ఇంట్లో వాళ్ళు పుట్టారు. పోలిక ఉంది, అంతే.

ఇప్పుడు నా పేచీకి వస్తాను. ఒకే షడ్జమం మీద కూర్చోవడం అనే ఆలోచన కోసం బ్లూమ్‌ఫీల్డ్ సితార్ రికార్డుల దాకా వెళ్ళాడని కథ చెప్తుంది. వెళ్ళాడు, అందులో అబద్ధం లేదు. ఆ రోజుల్లో ఆ గాలి వీస్తోంది కూడా. అమెరికాలో రవిశంకర్ ఎల్పీలు 1950ల చివరినుంచే దొరికేవి. 1961లోనే జాన్ కాల్ట్రేన్ 'ఇండియా' అని వాయించాడు. శాండీ బుల్ 1963లో ఒక్క గిటారూ డ్రమ్సూ పెట్టుకుని 20 నిమిషాలకి పైగా ఇలాంటిదే ఒకటి చేశాడు. 1965 డిసెంబరులో బీటిల్స్ పాటలో సితార్ మోగింది, 1966 మార్చిలో బర్డ్స్ 'ఎయిట్ మైల్స్ హై' వచ్చింది. కాబట్టి ఎల్ఎస్‌డీ రాత్రి ఒక్కదానివల్లే ఆకాశం నుంచి ఊడిపడింది కాదు.

కానీ హౌలింగ్ వుల్ఫ్ 1956లో పాడిన 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్' వినండి. పాట మొత్తం ఒకే కోర్డ్. 12 బార్ల గానుగ లేదు, మధ్యమం లేదు, పంచమం లేదు, ఒకే వరస తిరుగుతూ ఉంటే దాని మీద ఆయన తోడేలులా ఊళ వేస్తాడు. జాన్ లీ హుకర్ అయితే జీవితంలో సగం పాటలు అలాగే పాడాడు. మిసిసిపీ పల్లెల్లో గానుగ రాకముందు నుంచీ ఉన్న పద్ధతి అది. మరి వుల్ఫ్ బ్యాండులో బేస్ వాయించి వచ్చింది ఎవరు? జెరోమ్ ఆర్నల్డ్. బ్లూమ్‌ఫీల్డ్‌కి తూర్పు నుంచి వచ్చిందనిపించిన ఆలోచన తన పక్కన నాలుగడుగుల దూరంలో బేస్ పట్టుకుని నిలబడి ఉంది. ఆ పాట పేరులో 'ఈస్ట్' అనేది బెనారస్ అయితే, 'వెస్ట్' అనేది చికాగో వెస్ట్ సైడూ సౌత్ సైడూ అని నా అభిప్రాయం. రవిశంకర్ రికార్డులు బ్లూమ్‌ఫీల్డ్‌కి ధైర్యం ఇచ్చాయి, ఇంతసేపు కూర్చోవచ్చు అనే ధైర్యం. కూర్చోవడానికి చాప మాత్రం ఆర్నల్డ్ పరిచాడు.

డావెన్‌పోర్ట్ సంగతి కూడా అంతే. నాఫ్తలిన్ తర్వాత కాలంలో ఈ పాట గురించి చెప్తూ, ఒక్కో భాగానికీ రంగు మార్చింది డ్రమ్మరే అన్నాడు. మామూలు కర్రలూ, మెత్తటి తల ఉన్న కర్రలూ మార్చి మార్చి, తాళాల మీద వేరేవేరే చోట్ల కొడుతూ. రాక్ బ్యాండు డ్రమ్మరు దగ్గర ఆ రోజుల్లో అంత సరంజామా లేదు, అది జాజ్ చెయ్యి. ఇదంతా అందరూ కలిసి అప్పటికప్పుడు అల్లినదని కూడా నాఫ్తలినే చెప్పాడు. అయినా రికార్డు మీద రచన అని పడింది రెండు పేర్లు, బ్లూమ్‌ఫీల్డ్, ఆయన స్నేహితుడు నిక్ గ్రావనైటిస్. గ్రావనైటిస్ బ్యాండు సభ్యుడు కూడా కాదు. మొదట్లో ఇద్దరూ కలిసి గిటార్ల మీద ఆడుకున్న వరసలోంచి ఇది పుట్టింది కాబట్టి ఆయన పేరు పడింది, అందులో తప్పేం లేదు. కాకపోతే పాట రచన అంటే రాగం కట్టినవాడిదీ మాట రాసినవాడిదీ అని కాపీరైటు లెక్క. 13 నిమిషాలు నేల కదలకుండా పట్టుకున్నవాడికి ఆ లెక్కలో గడి లేదు. డెమో ఇచ్చినవాడి పేరు క్లయింటుకి గుర్తుండటం, రాత్రంతా సర్వరు పడిపోకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలియకపోవడం మనకి కొత్తేమీ కాదుగా.

రికార్డు మీది 13 నిమిషాలు కూడా కుదించిన లెక్కే. స్టేజి మీద ఇది పూర్తిగా విచ్చుకున్న రోజున దాదాపు గంటసేపు సాగేదట. 1966 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో ఫిల్మోర్‌లో వీళ్ళు వాయించారు. అక్కడి కుర్ర బ్యాండ్లు అప్పటికి ఇంకా పాటలు ఎంతసేపు సాగదీయొచ్చో తడుముకుంటున్నాయి. ఈ చికాగో వాళ్ళ సాధన చూసి నోరు తెరిచారు. కచేరీ ఎంత బాగా ఆడిందంటే ప్రమోటర్ బిల్ గ్రాహమ్ పొద్దున్నే లేచి న్యూయార్క్‌లో గ్రాస్‌మన్‌కి ఫోన్ చేసి, తన భాగస్వామి చెట్ హెల్మ్స్ నిద్ర లేచేలోపు ఈ బ్యాండుని తనకి ఖాయం చేసుకున్నాడు. తర్వాత గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటివాళ్ళ అరగంట, గంట పాటలు మనకి తెలుసు. ఇద్దరు గిటారిస్టులు అల్లుకుంటూ వాయించే ఆల్మన్ బ్రదర్స్ 1969లో వచ్చారు. వాళ్ళని వింటుంటే నాకు ప్రతిసారీ 'ఈస్ట్-వెస్ట్' చివరి రెండు నిమిషాలే గుర్తొస్తాయి.

మరి ఎందుకు మర్చిపోయారు? టైము ఒక కారణం. 1966 డిసెంబరుకి క్రీమ్ మొదటి ఆల్బమ్, 1967లో హెండ్రిక్స్, సార్జెంట్ పెప్పర్. ఎనిమిది తొమ్మిది నెలల్లో లోకం మారిపోయింది. రేడియోలో వేసుకోవడానికి హిట్ పాట ఒక్కటీ లేదు. బటర్‌ఫీల్డ్ చూడ్డానికి స్టారులా ఉండడు, స్టేజి మీద కళ్ళు మూసుకుని పని చేసుకునే మనిషి. నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తుంది. బటర్‌ఫీల్డ్ 1967 మాంటెరీలో వాయించాడు, 1969 వుడ్‌స్టాక్‌లో చివరి రోజు పొద్దున వాయించాడు. మాంటెరీ సినిమాలో అతను లేడు, 1970లో థియేటర్లకి వచ్చిన వుడ్‌స్టాక్ సినిమాలోనూ లేడు. ఆ రెండు సినిమాలే తర్వాతి తరాలకి అరవైల సంగీతానికి పాఠ్యపుస్తకాలు అయ్యాయి. మన హాస్టల్ హార్డ్ డిస్కు సిలబస్ కూడా ఎక్కడో అక్కడినుంచి పుట్టిందే.

బ్యాండు కూడా నిలవలేదు. 1967 మొదట్లో బ్లూమ్‌ఫీల్డ్ వెళ్ళిపోయి ఎలెక్ట్రిక్ ఫ్లాగ్ పెట్టుకున్నాడు. ఆర్నల్డ్, డావెన్‌పోర్ట్ కూడా ఆ ఏడాదే తప్పుకున్నారు. బటర్‌ఫీల్డ్ ట్రంపెట్లూ సాక్సోఫోన్లూ చేర్చి వేరే దారి పట్టాడు. బ్లూమ్‌ఫీల్డ్‌కి నిద్ర పట్టని జబ్బు ఉండేది. 1968లో 'సూపర్ సెషన్' రికార్డింగు మొదటి రోజు అద్భుతంగా వాయించి, నిద్ర లేక రెండో రోజు కనపడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. మిగతా సగానికి స్టీఫెన్ స్టిల్స్‌ని పిలవాల్సొచ్చింది. 1969లో మాత్రం ఒక మంచి పని జరిగింది. మడ్డీ వాటర్స్ 'ఫాదర్స్ అండ్ సన్స్' ఆల్బమ్‌కి బటర్‌ఫీల్డ్, బ్లూమ్‌ఫీల్డ్, సామ్ లే ముగ్గురూ వచ్చి వాయించారు. ఈ తెల్ల కుర్రాళ్ళకి బ్లూస్ వచ్చో రాదో అన్న లోమాక్స్ అనుమానానికి, ఆయన కనిపెట్టిన మడ్డీయే ఆల్బమ్ పేరుతో జవాబు చెప్పినట్టయింది.

బ్లూమ్‌ఫీల్డ్ 1981 ఫిబ్రవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక కారులో చనిపోయి కనిపించాడు, 37 ఏళ్ళు. బటర్‌ఫీల్డ్ 1987 మేలో, 44 ఏళ్ళు. ఇద్దరినీ డ్రగ్సే తీసుకుపోయాయి. ఆ రాత్రి జ్ఞానోదయం కథని ముచ్చటగా చెప్పేవాళ్ళు ఈ రెండు తారీఖులూ కూడా పక్కన చెప్తే బాగుంటుంది. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ బ్యాండుని చేర్చుకుంది. మొత్తం ఏడు పేర్లు పెట్టారు, ఆర్నల్డ్, డావెన్‌పోర్ట్, సామ్ లే సహా. డావెన్‌పోర్ట్ 1999లోనే పోయాడు. సామ్ లే ఆ గౌరవం చూసి, 2022లో వెళ్ళిపోయాడు.

వినాలనుకునేవాళ్ళకి ఒక సంగతి. నాఫ్తలిన్ తన దగ్గర దాచుకున్న పాత టేపుల్లోంచి మూడు కచేరీల 'ఈస్ట్-వెస్ట్'లు తీసి 1996లో 'ఈస్ట్-వెస్ట్ లైవ్' అని వేశాడు. వాటిలో అన్నిటికంటే పొడుగుది దాదాపు 28 నిమిషాలు. టేపు నాణ్యత గొప్పగా ఉండదు, ముందే చెప్తున్నాను. మొదట స్టూడియోది వినండి, గిటార్ల కోసం ఒకసారి, బేస్, డ్రమ్స్ కోసం ఇంకోసారి. తర్వాత 28 నిమిషాలది. వాల్యూమ్ ఎంత పెట్టాలని అడక్కండి, వీళ్ళ మొదటి ఆల్బమ్ అట్ట మీదే రాసుంది, ఎంత వీలైతే అంత ఎక్కువ పెట్టమని. పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొడితే ఆ అట్ట చూపించండి :)